చీకటి అంకె

గోవర్ధనం కడుపుమంటకు ఓడలో డాక్టరు దగ్గర మందు లేదు. ఆ మంట పేరు నూకరత్నం.

వాళ్ళ గురువు భుజంగరావు గారు ముప్ఫై ఏళ్ళుగా సముద్రపు వెలుగును కొలుస్తున్న మనిషి. ఉప్పునీటిలో కంటికి ఆనని జీవులుంటాయి, కదిలిస్తే చాలు మెరుస్తాయి. ఆ మెరుపుల్ని లెక్కపెట్టడమే ఆయన విద్య. ఈ ప్రయాణంతో ఆయన రిటైరవుతున్నారు. వచ్చే ప్రయాణానికి పెద్ద ఎవరో ఒడ్డు చేరేలోగా చెబుతానన్నారు.

గోవర్ధనం ఆరేళ్ళుగా ఆయన శిష్యుడు. నూకరత్నం భీమిలి జాలరిపేట పిల్ల, నిరుడు చేరింది. అయినా గురువుగారు ఆమె నోట్సు చూసి రెండుసార్లు "బాగుంది" అన్నారు. ఆరేళ్ళలో గోవర్ధనానికి దక్కిన "బాగుంది" ఒక్కటే, అదీ అతను కలిపిన కాఫీకి. ఆ పిల్లను చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడంటే, పోసుకోడూ మరి!

ఓడకు చెరోపక్కా ఒక యంత్రం. ఒకటి ఆమెది, ఒకటి ఇతనిది. యంత్రం నీటిని చీకటి గొట్టంలోకి లాగి, చిలికి, మెరుపుల్ని లెక్కపెడుతుంది. దింపే ముందు దాని నోటికి నల్లమూత బిగించి, నీరూ వెలుగూ లేనప్పుడు ఎంత చూపిస్తుందో రాసుకోవాలి. ఎంత మంచి యంత్రమైనా ఊరికే కొంత చూపిస్తుంది. దాన్ని గురువుగారు చీకటి అంకె అంటారు. అది తీసేశాక మిగిలిందే సముద్రానిది.

ఆ సాయంత్రం నూకరత్నం కంటే ముందు దింపాలని గోవర్ధనం పొద్దుండగానే యంత్రం ముసుగు విప్పి డెక్కు మీద పెట్టాడు. వెలుతురు తగిలితే దాని కన్ను చెదిరి, ఊరికే చూపించేది పెరుగుతుందని తెలియనివాడు కాదు. ఆ తొందరలో తెలిసిందంతా అటకెక్కింది.

"మూత పెట్టి సూసేవా అన్నా?" అంది నూకరత్నం అటుపక్క నుంచి.

పెట్టబోతున్నవాడల్లా ఆగిపోయాడు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టనిపించింది. "నీ పని నువ్వు చూసుకో" అని మూతను పక్కన పడేసి, చీకటిపడగానే యంత్రాన్ని నీళ్ళలోకి దింపేశాడు.

గంటలో అంకెలు వచ్చాయి. చీకటి అంకె తీసేశాక ఆమెది నూట ఇరవై. ఇతనిది మూడువందల నలభై. ఒకే సముద్రం, ఒకే లోతు. ఎన్నాళ్ళ తర్వాతో గోవర్ధనం కడుపు చల్లబడింది. ఆ అంకెను నోట్సులో కాస్త పెద్దగానే రాశాడు.

భుజంగరావు గారు వచ్చారు. నోట్సు చూడలేదు. పైకి తీసిన యంత్రం ముందు గొంతుక్కూర్చుని, డెక్కు మీద దొర్లుతున్న నల్లమూతను అందుకుని, దాని నోటికి బిగించి స్విచ్చి వేశారు.

తెర మీద రెండువందల ఇరవై పడింది.

"నీళ్ళు లేవు. జీవుల్లేవు" అన్నారాయన. "ఇదెవరి వెలుగురా?"

గోవర్ధనం మనసులోనే తీసివేత చేసుకున్నాడు. మిగిలింది నూట ఇరవై. మూడువందల నలభైని కొట్టేసి, ఈసారి చిన్నగా రాశాడు.

మర్నాడు టిఫిన్ దగ్గర గురువుగారు చెప్పేశారు, వచ్చే ప్రయాణానికి పెద్ద నూకరత్నం అని. గోవర్ధనం ఉప్మా సగంలో వదిలేసి లేచాడు. ఆమెకు అభినందనలు చెప్పాడు. చెప్పాడే గానీ, ఆ గొంతు అతనిదిలా లేదు.

సాయంత్రం చీకటిపడ్డాకే యంత్రం ముసుగు విప్పాడు. మూత బిగించి స్విచ్చి వేశాడు. అటుపక్క నూకరత్నం తలెత్తకుండా తన తాడు సరిచేసుకుంటోంది. నిన్నటి మాట ఆమెకు గుర్తుంది.

"ఇవాళ అడగవేం?" అన్నాడు గోవర్ధనం.

ఆమె తాడు వదిలి తలెత్తింది. "మూత పెట్టి సూసేవా అన్నా?"

"చూశాను. ఇంకా ఉంది."

"ఎంతుంది?"

గోవర్ధనం తెరవైపు తిరగలేదు. ఆమెనే చూస్తూ, "చాలానే ఉంది" అన్నాడు.

వెనక కుర్చీలోంచి భుజంగరావు గారి గొంతు వినిపించింది.

"రాసుకో. తీసేద్దువుగాని."