తాళం వేసిన సబ్బు

తాను చెక్కి పెట్టిన సబ్బును రోజూ ఎవరో గీకుతున్నారని కాత్యాయనికి అనుమానం వచ్చింది.

సాయంత్రం రెండు కోరల పరికరంతో కొలిచి పెట్టిన ముక్క పొద్దున చూస్తే నూలుపోగంత తగ్గి ఉండేది. ఒకరోజు కాదు, వరసగా నాలుగు రోజులు. ఇంకే పనిలో అయినా నూలుపోగు ఎవరికి పడుతుంది? ఈ పనిలో మాత్రం ఆమె కాలేజీ సీటంతా ఆ నూలుపోగులోనే ఉంది.

ఆ రోజుల్లో పట్నంలోని పళ్ళ డాక్టర్ల కాలేజీవాళ్ళు రాత పరీక్షతో పాటు చేతి పరీక్ష కూడా పెట్టేవాళ్ళు. ఎవరి సబ్బు దిమ్మ వాళ్ళే తీసుకుపోవాలి. వాళ్ళిచ్చిన బొమ్మ చూసి గంటన్నరలో చిన్న కత్తితో ఆ కొలతలకు చెక్కాలి. ఒక చివర గుండ్రంగా, ఇంకో చివర మూడు పలకలుగా, మధ్యలో సన్నటి మెడ. అందరి ముక్కలూ పేర్లు రాసి బీరువాలో పెట్టి, మూడు రోజుల తర్వాత మేష్టర్లు కూర్చుని కొలిచేవాళ్ళు.

కిందటేడు కాత్యాయని రాతలో గట్టెక్కి, చేతి పరీక్షలో పోయింది. కొలతకు తక్కువని రాసి పంపారు. రెండుసార్లు కొలిచి ఇచ్చిన ముక్క తక్కువ ఎట్లా అవుతుంది? ఎవరో పెద్దవాళ్ళ బిడ్డకు సీటు కావాల్సి వచ్చి తన ముక్కను గీకేశారని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నారు. వాళ్ళ నాన్న రామసుబ్బయ్యది పోస్టాఫీసులో గుమాస్తా పని. నలభై ఏళ్ళకే పళ్ళన్నీ ఊడిపోయి, సంగటిని కూడా జావ చేసుకుని తాగేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆ అన్యాయం చెప్పకుండా పంపేవాడు కాదు. ఆ బోసినోటితో చెబితే కోపం కూడా నవ్వులాగే వినపడేది, అది వేరే సంగతి. ఈ ఏడు కూడా పోతే కాత్యాయనికి వయసు దాటిపోతుంది. ఇంక రాయనివ్వరు.

అందుకని ఆమెను మస్తాన్ సాయిబు దగ్గర చెక్కడం నేర్చుకోవడానికి పెట్టారు.

ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ సాయిబు చేయి వేరు. గురువారం సాంబ్రాణి వేసుకుని కూర్చుంటే, జడుసుకున్న పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వచ్చేవాళ్ళు. దువా చదివి ఉఫ్ అని ఊదేవాడు. మనిషి మాత్రం మాట తక్కువ. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ఆయన మనవరాలు జుబేదా కూడా అదే పరీక్షకు చదువుతోంది. కాత్యాయని మనసుకు ముల్లు గుచ్చుకుంది అక్కడే.

మొదటిరోజు సాయిబు నిచ్చెన వేసుకుని అటక మీద ఉన్న సబ్బు దిమ్మలన్నీ దింపాడు. గరిటెల కొయ్య కూడా అక్కడే ఆరుతుండేది. దిమ్మలు పాతవి. రంగు మారి, అంచులు వంగి, రాళ్ళలాగా ఉన్నాయి. ఆరు కాత్యాయని ముందు పెట్టాడు, ఆరు జుబేదా ముందు.

"వీటితోనే చెయ్యి తల్లీ," అన్నాడు. అంతే.

కాత్యాయని కత్తి ఆ దిమ్మ మీద జారింది. వేలు తెగినంత పనయింది. కోమట్ల అంగట్లో వెన్నలాంటి సబ్బు దొరుకుతుంటే తనకు ఈ రాళ్ళు ఎందుకు అంటగట్టినట్టు? జుబేదాకూ ఇవే ఇచ్చాడంటే, అది చూపుకి. తను ఇంటికి పోయాక ఆ పిల్లకు మంచివి తీసి ఇస్తాడేమో, ఎవరు చూడొచ్చారు? ఎంత గురువైనా మనవరాలు మనవరాలే కదా.

ఆ ఆరు దిమ్మలూ ఇంటికి తీసుకుపోయి వాళ్ళమ్మ కనకమ్మకు ఇచ్చేసింది. కనకమ్మ వాటిని గోటితో గీరి చూసి, బంగారంలాగా ఆరాయని మురిసిపోయి, రెండు పక్కింటామెకు కూడా ఇచ్చి మిగతావి బట్టలకు వాడుకుంది. కాత్యాయని అంగట్లో కొత్త బారు తెచ్చి, దారంతో దిమ్మలు కోసుకుంది. కత్తి హాయిగా దిగింది. సాయిబు ఆ కొత్త సబ్బు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, తన గరిటె చెక్కుకున్నాడు. ఆ ఏమీ అనకపోవడం కూడా ఆమెకు అనుమానంగానే తోచింది.

ఇక అప్పటి నుంచి, సాయంత్రం సాయిబు వసారా గూట్లో పెట్టిపోయిన ముక్కలు పొద్దునకు తగ్గడం మొదలైంది.

జుబేదా ముక్కలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. పొద్దున తను వచ్చేసరికి ఆ పిల్ల వసారా ఊడుస్తూ కనపడేది. చీపురు ముందర సబ్బు పొట్టు. అది ఎవరి ముక్క నుంచి రాలిన పొట్టు? కాత్యాయని తన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే, జుబేదా చీపురు ఆపి నవ్వింది.

"అట్లా చూడబాక అక్కా, దిష్టి తగిలి కరిగిపోతుంది."

తెలిసి అన్న మాటే, లేకపోతే అంత చల్లగా ఎట్లా అంటుంది అనుకుంది కాత్యాయని.

ఆ సాయంత్రం ముక్క పైన అడ్డంగా తన తల వెంట్రుక ఒకటి పరిచి పోయింది. పొద్దున వెంట్రుక ఉన్నచోటే ఉంది. ముక్క తగ్గింది. వెంట్రుక తీసి, గీకి, మళ్ళీ అట్లాగే పరిచారంటే ఎంత నేర్పరులై ఉండాలి! మర్నాడు ఇంటి నుంచి రేకు పెట్టె తెచ్చింది. ముక్కను అందులో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో నల్లదారానికి కట్టుకుంది. పొద్దున తాళం వేసినట్టే ఉంది. ముక్క తగ్గే ఉంది.

ఆ మధ్యాహ్నం జుబేదా నీళ్ళకు పోయింది. సాయిబు నమాజులో ఉన్నాడు. గూట్లో జుబేదా చెక్కిన ముక్క ఉంది. కాత్యాయని దాన్ని అందుకుని, పలక మీద కత్తిని ఒక్కసారి నడిపించింది. నూలుపోగంతే. తనకు చేసిందే తనూ చేసింది, అంతకు మించి కాదు. ముక్కను మళ్ళీ గూట్లో పెట్టేసింది. మొదటిరోజు ఆ గట్టి సబ్బు మీద జారిన కత్తి ఆ ఒక్కసారి చక్కగా నడిచింది.

సాయంత్రం జుబేదా తన ముక్క కొలుచుకుంది. ముఖం చిన్నబోయింది. మళ్ళీ కొలిచింది. కాత్యాయని కత్తి తుడుచుకుంటూ ఆ పిల్ల కళ్ళు ఎటు తిరుగుతాయో కనిపెట్టి చూస్తోంది. అవి ఎటూ తిరగలేదు. తన కుడిచేతి వంకే చూసుకుంది జుబేదా.

"నా చేయే తప్పింది దాదా," అని తాతతో చెప్పి, ఇంకో దిమ్మ తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టింది.

సాయిబు ఆ పనికిరాని ముక్కను అందుకున్నాడు. బొటనవేలితో పలకల మీద నిమిరాడు. ఒకచోట వేలు ఆగింది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు కాత్యాయని ఇంక ఆగలేకపోయింది.

"తాతా, నా పెట్టెకు ఇంకో తాళంచెవి ఉంది."

"ఎవరి దగ్గర?"

"మీ ఇంట్లోనే."

జుబేదా చేతిలో కత్తి ఆగిపోయింది. సాయిబుకు కోపం రాలేదు. అప్పటికప్పుడు తన ఎదురుగా ఒక ముక్క చెక్కమన్నాడు. ఆమె చెక్కింది. కొలవమన్నాడు. సరిగ్గా ఉంది. ఆ కొలతను ఆమె పుస్తకంలో ఆమె చేతనే రాయించాడు. తర్వాత తన పై మీది తువ్వాలు అంచు చింపి, ముక్కను అందులో మూటకట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"మూడు రోజులు ఇది నీ దగ్గరే ఉండాల. స్నానానికి పోతే మీ అమ్మానాయనల్లో ఎవరికైనా ఇచ్చిపో. మా గడప తొక్కనియ్యొద్దు. నాలుగోరోజు రా."

పరీక్షకు అప్పటికి వారం కూడా లేదు. అయినా కాత్యాయని ఒప్పుకుంది. దొంగతనం బయటపడాలంటే ఇంతకన్నా మంచి దారి ఏముంది?

మూడు రోజులు ఆ మూట ఆమె కొంగున ఉంది. ఆమె స్నానానికి పోయినప్పుడు రామసుబ్బయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే మాట్లాడించొద్దని చెయ్యి ఊపేవాడు.

నాలుగోరోజు పొద్దున ఇంట్లోనే మూట విప్పి కొలిచింది. పుస్తకంలో రాసినదానికి రెండు పోగులు తక్కువ. మళ్ళీ కొలిచింది. నాన్న వంగి చూశాడు.

"కొలిచేదాన్ని కూడా మార్చేసినట్టుండారే," అన్నాడు.

పెరట్లో బట్టలు ఉతుకుతున్న వాళ్ళమ్మ అక్కడి నుంచే అంది. కొత్త సబ్బు లోపలంతా తడేనట. ఆరేకొద్దీ ముడుచుకుపోతుందట. అందుకే కదా ఎవరైనా అటకెక్కించి ఏడాది ఆరనిచ్చి వాడుకునేది, ఆ సాయిబు ఇచ్చినవి చూడు, అరిగితే ఒట్టు అని, చేతిలో మిగిలిన వేలెడు ముక్కను ఎత్తి చూపించింది. చూపించి, మళ్ళీ బట్టలకు రాసుకుంది.

కాత్యాయని చాలాసేపు ఆ ముక్క వంకే చూసింది. కిందటేడు తను తీసుకుపోయింది కూడా అంగట్లో అప్పుడే కోసి ఇచ్చిన దిమ్మ. మూడు రోజులు బీరువాలో ఉంది.

నాన్న ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె చెప్పులేసుకుని బయలుదేరింది.

సాయిబు వసారాలో గరిటెను నున్నగా చేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"దొంగ దొరికిందా తల్లీ?"

"దొరికింది తాతా."

ఆయన గరిటె పక్కన పెట్టాడు. జేబులోంచి జుబేదా ముక్క తీసి ఆమె ముందు ఉంచాడు. పలక మీద సన్నగా, మెరుస్తూ కత్తి నడిచిన జాడ.

"ఇది మా అటక మీద ఏడాది ఆరింది," అన్నాడు. "ఇది తగ్గగూడదే."

లోపల జుబేదా పుస్తకం తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నేనే తాతా," అంది కాత్యాయని. వినపడలేదేమోనని మళ్ళీ చెప్పింది. "నేనే గీకినాను."

సాయిబు మళ్ళీ గరిటె అందుకున్నాడు. ఇక లేచి పోవాలి. ఎల్లుండే పరీక్ష. అటక ఖాళీ. తనవి ఆరూ రెండిళ్ళ పెరట్లలో నురగై పారిపోయాయి. అది ఎవరితో చెప్పుకోవాలి? ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఆమె లేచింది.

జుబేదా గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ పొద్దంతా నా చేతిని తిట్టుకుంటానే ఉండా అక్కా," అంది.

కాత్యాయని తల వంచుకుంది. జుబేదా లోపలికి పోయింది. ఎంతసేపటికో గానీ రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఒక దిమ్మ ఉంది. పాతది, అంచులు వంగి, రాయిలాగా.

"రెండు మిగిలినాయి నా దగ్గర," అంది. "ఒకటి నీకు."

కాత్యాయని అందుకుంది. అందుకోగానే కుడిచేయి తనంతట తానే సంచిలోకి పోయి, కొలిచే పరికరాన్ని బయటికి తీసింది. అన్ని రోజుల అలవాటు. దాని రెండు కోరలూ తెరుచుకుని దిమ్మ దాకా వచ్చాయి.

అక్కడ ఆగాయి.

ఆమె వాటిని మూసి, సంచిలో పడేసి, దిమ్మను కొలవకుండానే కొంగున కట్టుకుంది.

సాయిబు గరిటె మీది పొట్టును ఉఫ్ అని ఊదాడు.