మారెక్క కుట్టిన కెమెరా తొడుగు

అనగనగా ఒక ఊళ్ళో, ఎర్రటి గుట్ట కింద, చెప్పులు కుట్టే వీధి ఒకటి ఉండేదమ్మా. దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ విను. ఊఁ ఆగిందంటే నేనూ ఆపేస్తా.

ఆ వీధి చివరింట్లో సుంకన్న అనే ఆయన ఉండేవాడు. ఆయన కుట్టిన చెప్పులు మూడు వానాకాలాలు తడిసినా ఊడేవి కావు. ఎద్దుల మెడకు గంటల పట్టీలు కుట్టాలన్నా, బావిలో నీళ్ళు తోడే తోలు తిత్తి కుట్టాలన్నా ఊరంతా ఆయన గడపకే వచ్చేది.

సుంకన్నకు ఒక్కతే కూతురు. పేరు మారెక్క. చిన్నప్పటి నుంచి నాయన పక్కనే కూర్చుని, తోలుకు బెజ్జం పొడిచే ఆరె పట్టడం, అంచులు చెక్కే రంపి పట్టడం నేర్చుకుంది. "ఆడపిల్ల చేతికి ఆరె ఎందుకయ్యా?" అని వీధిలో వాళ్ళు అనేవాళ్ళు. సుంకన్న నవ్వి ఊరుకునేవాడు.

అలా ఉండగా ప్లాస్టిక్ చెప్పులు వచ్చాయి. వీధిలో ఒక్కొక్క ఇంట్లో పని ఆగిపోయింది. ఆడవాళ్ళు ఇటుక బట్టీలకు పోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సుంకన్న కళ్ళకు పొర కమ్మింది. సూదిలో దారం ఎక్కించడానికి కూడా కూతుర్ని పిలవాల్సి వచ్చేది.

అప్పుడు ఒకరోజు ఫోటోల మస్తాను వాళ్ళ గడపలోకి వచ్చాడు.

మస్తాను దగ్గర ఒక పాతకాలపు కెమెరా ఉండేది. లోపల రీలు వేసి, చిన్న మీట తిప్పి తీసే కెమెరా అన్నమాట. వాళ్ళ నాన్న దగ్గర్నుంచి ఆయన చేతికి వచ్చింది. ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ, బడిపిల్లల ఫోటోలన్నీ దాంతో తీసినవే. అందరి చేతుల్లోకీ సెల్లు ఫోన్లు వస్తున్నా మస్తాను దాన్ని వదల్లేదు. కానీ దాని తోలు తొడుగు మాత్రం పుచ్చిపోయి, పట్టీ తెగి, చేత్తో ముట్టుకుంటే పొట్టు రాలుతోంది.

"సుంకన్నా, దీనికొక కొత్త తొడుగు కుట్టి పెట్టు. లోపల అద్దం ఉంది. అది పగిలితే నా బతుకు పగిలినట్టే," అన్నాడు మస్తాను.

"అంత సన్న కుట్టు నా కళ్ళకు అందదు సాయిబూ," అన్నాడు సుంకన్న.

అప్పుడు మారెక్క తలెత్తి, "నేను కుడతా మామా," అంది.

మస్తాను ఆ పిల్లని చూశాడు. కెమెరాని చూశాడు. చివరికి, "సరే కానీ, జాగర్త తల్లీ," అన్నాడు.

మారెక్క చెక్కతో సరిగ్గా కెమెరా అంత దిమ్మె చెక్కింది. తంగేడు బెరడు నీళ్ళలో ఊరి గట్టిపడిన తోలుని తెచ్చి, తడిపి, ఆ దిమ్మె మీద లాగి కట్టింది. తోలు ఆరింది. దిమ్మె తీసేసి అంచులు కుట్టింది. చూడ్డానికి ఎంత బాగుందనుకున్నావు! నిగనిగలాడిపోతోంది.

మస్తాను దాన్ని మెళ్ళో వేసుకుని ఒక పెళ్ళికి వెళ్ళాడు. ముహూర్తం దగ్గరపడింది. కెమెరా బయటికి తీయబోతే రాదే! తోలు అంత బిగుతుగా పట్టేసింది. ఇటు లాగాడు, అటు లాగాడు, మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగాడు. ఈలోపు బాజాలు మోగాయి, తాళి కట్టేశారు, అక్షింతలు పడిపోయాయి. కెమెరా బయటికొచ్చేసరికి పెళ్ళికొడుకు ముక్కు తుడుచుకుంటున్నాడు. పాపం, ఫోటో కోసం మళ్ళీ తాళి పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పెళ్ళికూతురి నాయనమ్మ మస్తాన్ని తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదులే.

ఆ తర్వాత మారెక్క రెండోది కుట్టింది. ఈసారి వదులుగా కుట్టింది. మూతకు ఇత్తడి గుండీ పెట్టింది. కెమెరా చక్కగా వచ్చింది, చక్కగా పోయింది. కానీ లోపల గడగడా ఆడింది. ఆడి ఆడి, ఆ ఇత్తడి గుండీ కెమెరా వీపు మీద ఒక గీత గీసేసింది.

మస్తాను తిట్టలేదు. ఆ గీతని వేలితో ఒకసారి తుడిచాడు. అది పోలేదు. కెమెరాని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది మారెక్కకు. వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? "చెప్పలేదూ? ఆరె ఆడపిల్ల చేతిదా?" అన్నారు.

మర్నాడు మారెక్క మస్తాను ఇంటికి వెళ్ళింది.

"మామా, ఇంకొక్కసారి. ఈసారి కెమెరా నా చేతికి ఇవ్వొద్దు. నువ్వు ఫోటోలు తీస్తుంటే పక్కన నిలబడి చూస్తా. అంతే."

మస్తానుకు మనసు కరిగింది. సరే అన్నాడు. అప్పుడు మారెక్క ఒక రోజంతా ఆయన వెనకాలే తిరిగింది. కన్ను ఎక్కడ ఆనిస్తున్నాడో చూసింది. ఏ వేలితో మీట తిప్పుతున్నాడో చూసింది. ఏ వేలు కింద ఆసరా పెడుతున్నాడో చూసింది. పొద్దు వాలేసరికి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నవ్వేసింది.

ఇంటికి వచ్చి, "నాయనా, నేనెంత పిచ్చిదాన్నో! పాదం చూడకుండా చెప్పు కుట్టాను. పెట్టెని కొలిచాను గానీ, పట్టుకునే చేతిని కొలవలేదు," అంది.

"అదీ! ఇప్పుడు పని వచ్చింది నీకు," అన్నాడు సుంకన్న.

ఇక మూడోది మొదలుపెట్టింది. చెక్క దిమ్మెకు ముందు పల్చటి గుడ్డ చుట్టి, ఆ పైన తడి తోలు లాగింది. దిమ్మె, గుడ్డ తీసేశాక, ఆ గుడ్డ మందం మేరకు మిగిలిన సందులో మెత్తటి మేక తోలు అతికించింది. ఇత్తడి మాటే లేదు, తోలునే ముడేసి గుండీ చేసింది. అద్దం ఉన్న చోట గుండ్రంగా కిటికీ కోసి, దాని ముందు తలుపులాంటి మూత పెట్టింది. ఆ మూత కిందికి వేలాడేస్తే చాలు, కెమెరా బయటికి తీయకుండానే ఫోటో తీసుకోవచ్చు. వేళ్ళకు ఎక్కడ చోటు కావాలో అక్కడ చోటు వదిలింది.

అంతా అయిపోయాక, ఆరె మొన నిప్పుల మీద కాల్చి, లోపలి అంచు మీద మూడు అక్షరాలు గీసింది. సుంకన్న తొడుగుని చేతుల్లోకి తీసుకుని, కళ్ళు కనపడవు కదా, బొటనవేలితో తడిమి చూశాడు.

"ఇక్కడేదో గీతలున్నాయి. ఏం రాశావమ్మా?"

"నా పేరు నాయనా."

సుంకన్న ఆ గీతల్ని మళ్ళీ ఒకసారి తడిమాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఈ ఊరంతా నా చెప్పులేసుకుని నడిచింది తల్లీ. ఇవి ఎవరు కుట్టారని ఒక్కరూ అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. ఇంకొంచెం లోతుగా రాయి. అరిగిపోకుండా."

మారెక్క ఆరె మళ్ళీ కాల్చింది.

ఆ వారమే బడిపిల్లలు గుట్ట మీది కోటకు వెళ్ళారు. ఫోటోలకు మస్తాను వెళ్ళాడు. కొత్త తొడుగు ఎలా పనిచేస్తుందో చూద్దామని మారెక్క కూడా వెళ్ళింది. పిల్లల్ని వరసగా నిలబెడుతూ మస్తాను కెమెరాని ఒక్క క్షణం గోడ మీద పెట్టాడు. అంతే! ఎక్కడి నుంచి దూకిందో ఒక గండు కోతి, పట్టీ పట్టుకుని లాక్కుపోయింది. కొరికి చూసింది. రుచి లేదు. కోట మెట్ల మీదికి విసిరేసింది.

దొర్లింది తల్లీ కెమెరా! ఒక మెట్టు, ఇంకో మెట్టు, ధడ్ ధడ్ మంటూ కింది దాకా దొర్లింది. మస్తాను ఉన్నచోటే కూలబడ్డాడు.

మారెక్క మెట్లు దిగి పరిగెత్తింది. తొడుగుని చేతిలోకి తీసుకుంది. ఒక మూల తోలు గీసుకుపోయింది. కుట్టు మాత్రం ఒక్కటీ విడలేదు. గుండీ విప్పింది. అద్దం అద్దంలాగే ఉంది! పైకి తెచ్చి మస్తాను చేతికిచ్చింది.

ఆయన కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని మీట తిప్పాడు. తర్వాత కంటికి ఆనించి మారెక్క వైపు తిప్పి నొక్కాడు. టక్ మంది. ఆ టక్ వినగానే పిల్లలంతా కోట అదిరేలా అరిచారు.

కోట చూడటానికి వచ్చిన కాలేజీ పంతులమ్మ ఒకామె అక్కడే ఉంది. ఆమె మెళ్ళోనూ ఒక పాత కెమెరా ఉంది. "ఈ తొడుగు ఎవరు కుట్టారు?" అని అడిగింది.

మస్తాను లేచి నిలబడి, "మా మారెక్క!" అన్నాడు. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే, కోతి ఇంకో గోడ ఎక్కేసింది.

ఆ పంతులమ్మ ఒకటి కుట్టించుకుంది. కుట్టించుకుని, పాత కెమెరాలంటే ప్రాణమిచ్చే వాళ్ళందరికీ చెప్పింది. అలాంటి వాళ్ళు దేశమంతా ఉన్నారట. ఆ తర్వాత చెప్పుల వీధికి పార్శిళ్ళు రావడం మొదలైంది. తాతల కెమెరాలు, తండ్రుల కెమెరాలు, పెద్దవి, బుల్లివి. దేని కొలత దానిదే. మారెక్క ఒక్కతే కుట్టలేక పక్కింటి మునెమ్మని, ఎదురింటి ఈరమ్మని, ఇటుక బట్టీకి పోయే మరో నలుగురిని పిలిచి పని నేర్పింది.

అప్పుడు పట్నం నుంచి దామోదరం అనే వ్యాపారి కారేసుకుని వచ్చాడు.

"నెలకు వంద తొడుగులు నేనే తీసుకుంటానమ్మా. కానీ నీ పేరు వద్దు. పైన ఇంగ్లీషులో ఒక దొర పేరు అచ్చు వేద్దాం. ఈ వీధి పేరు చెబితే ఎవరు కొంటారు?" అన్నాడు.

"పేరు లేకుండా ఇవ్వను," అంది మారెక్క.

కారు వెళ్ళిపోయింది. "పేరుదేముందే? వచ్చిన పని పోగొట్టావు," అని మునెమ్మ కోప్పడింది. ఆ రాత్రి మారెక్కకు కూడా తప్పు చేశానా అనిపించింది. ఏడుగురి పొయ్యిల మాట అది. కానీ పొద్దున్నే లేచి, నాయన ముఖం చూసి, ఆరె పట్టుకుంది.

దామోదరం రెండోసారి వచ్చాడు. "పోనీ, నీ పేరు లోపలి తోలు కింద రాసుకో. ఎవరికీ కనపడకుండా ఉంటుంది," అన్నాడు. మారెక్క తల అడ్డంగా ఊపింది.

ఆయన ఊరుకోకుండా ఒక ఫ్యాక్టరీలో అచ్చం అలాంటివే చేయించాడు. కుట్టాల్సిన చోట జిగురు పెట్టి అంటించారు. మొదటి వానకే అవి నోళ్ళు తెరిచాయి. ఎవరెవరివో కెమెరాలు నేలపాలయ్యాయి.

అప్పుడు మూడోసారి వచ్చాడు దామోదరం. ఈసారి చేతిలో ఆ నోరు తెరిచిన తొడుగు ఉంది. గడప బయటే చెప్పులు విడిచి, లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు.

"మీ పేరు మీ ఇష్టమమ్మా. ఎలా ఇస్తే అలా తీసుకుంటాను," అన్నాడు.

విన్నావా, ఇన్నాళ్ళూ 'నువ్వు' అన్నవాడు 'మీరు' అన్నాడు చూడు!

మారెక్క అంది: "ఇక లోపల కాదండీ. బయటే, మూత మీదే, అందరికీ కనపడేట్టు రాస్తాం. తెలుగులోనే రాస్తాం. నా పేరొక్కటే కాదు. ఏది ఎవరు కుడితే దాని మీద వాళ్ళ పేరు."

వెనక కూర్చున్న మునెమ్మ ఉలిక్కిపడింది. "నాకు రాయడం రాదు కదే!" అంది.

ఆ తర్వాత ఆ వీధిలో నెల్లాళ్ళు ఒకటే సందడి. సాయంత్రం పని అవ్వగానే ఆడవాళ్ళంతా తోలు ముక్కలు ముందు పెట్టుకుని, ఆరెలతో తమ పేర్లు గీసుకునేవాళ్ళు. మునెమ్మ 'మ'కు కొమ్ము పెట్టడం మర్చిపోయేది, ఈరమ్మ 'ఈ'తో కుస్తీ పట్టేది. మునెమ్మ తన పేరు మొదటిసారి తప్పు లేకుండా రాసిన రోజు, ఆ తోలు ముక్కని కొంగున ముడేసుకుని ఇంటింటికీ తిరిగి చూపించింది. సుంకన్న దగ్గరికి తెస్తే, వాళ్ళ పక్కన కూర్చుని తడిమి తడిమి తనూ అక్షరాలు నేర్చుకున్న ఆయన, వేలితో తడిమి, "ఇదిగో ము, ఇదిగో నె," అని చదివి, "ఇది మన వీధి పనమ్మా," అంటూ కళ్ళొత్తుకున్నాడు.

కొన్నాళ్ళకు సముద్రాల అవతల జపాను దేశం నుంచి చెప్పుల వీధికి ఒక ఉత్తరం, దాంతో ఒక తొడుగు ఫోటో వచ్చాయి. కాలేజీ పంతులమ్మ చదివి చెప్పింది. 'అమ్మా, మా తాతగారి కెమెరా మీ తొడుగులో హాయిగా ఉంది. మూత మీద గుండ్రంగా మెలికలు తిరిగిన తీగ ఒకటి చెక్కారు. అది ఏ పువ్వు తీగ? చాలా అందంగా ఉంది,' అని ఒక ఆయన అడిగాడట.

మారెక్క ఒక కార్డు ముక్క తెచ్చుకుంది. తనే పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. 'అది తీగ కాదండీ. అది నా పేరు. మారెక్క అని చదవాలి.' పంతులమ్మ దాని కింద ఆయనకు అర్థమయ్యే భాషలో రాసి పంపింది.

నెల తిరక్కుండానే జవాబు వచ్చింది. ఈసారి చదవడానికి పంతులమ్మ అక్కర్లేకపోయింది. కాగితం మధ్యలో ఒకే ఒక్క మాట. బడిలో చేరిన మొదటి రోజు పిల్లలు రాసినట్టు, అడ్డదిడ్డంగా, వంకరటింకరగా, ఒత్తిడికి కాగితం చిరిగిపోయేలా, తెలుగులో రాసి ఉంది.

మారెక్క.

ఊఁ కొట్టడం లేదేంటి? కళ్ళు మూతలు పడుతున్నాయా బంగారూ? సరే, కథ ముగింపు పాట పాడేస్తా.

కుట్టుకు కుట్టు కలిస్తే గూడు,
గూటిలో కన్ను నిదరోయె చూడు,
కథ నడిచెళ్ళింది కంచి దాకా,
మనమొచ్చేశాం మన ఇంటి దాకా!