రెండు మంచుబండ్లు

తితిక్షానంద స్వామిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషిని ఆయన వంటింట్లో కూచోబెట్టి, బస్తా ఖాళీ అయ్యేదాకా బంగాళాదుంపల తొక్క తీయించాడు. అందుకే హిమాలయాల నడుమ, చలికాలమంతా దారి మూసుకుపోయే ఆ లోయలో, ఆయన ఆశ్రమంలో సందేహాలు తక్కువ, పనులు ఎక్కువ.

ఇదంతా తెలిసి కూడా ఫణిభూషణం ఆ ఉదయం వెళ్లి అడిగాడు.

"స్వామీ, మామూలు బండి తీసుకోమంటారా, ప్రీమియం బండి తీసుకోమంటారా?"

అడగక ఏం చేస్తాడు పాపం. స్వామి పూర్వాశ్రమంలో రాజమండ్రిలో ఎముకల డాక్టరు. ఇక్కడికొచ్చి కూడా ఆ పని మానలేదు, ఆశ్రమంలో చిన్న ఆసుపత్రి పెట్టుకున్నాడు. పై ఊళ్లో ఎవరికి ఏం వచ్చినా కిందికి తేవలసినవాడు ఫణి. అడుగున నున్నటి చెక్కపట్టీలు బిగించిన స్ట్రెచరు మీద రోగిని పడుకోబెట్టి, జారిపోకుండా చేతులతో సహా పట్టాలతో కట్టి, దాని ముందు కట్టిన తాడు తన నడుముకు బిగించుకుని, మోకాలిలోతు మంచులో ఈడ్చుకు రావాలి. ఏళ్ల తరబడి ఈడ్చాడు. భుజాలు అరిగిపోయాయి. ఈ మధ్య పై ఊరి నుంచి మనిషి వస్తున్నాడంటే ముందు ఒళ్లు మండేది, జాలి తర్వాతెప్పుడో తీరిగ్గా వచ్చేది. తనలో ఆ క్రమం మారిందని తెలిసినప్పటి నుంచీ అతనికి ఆ కొండా వద్దు, ఆ సేవా వద్దు అనిపిస్తోంది. ఈ ఒక్క చలికాలం చూసి విశాఖపట్నం వెళ్లిపోదామనుకున్నాడు.

అలాంటి సమయంలో ఒక భక్తుడు, మంచు మీద మోటారుసైకిల్లా నడిపే మంచుబండి కొనిస్తానన్నాడు. ఏ రకం కావాలో మీరే చెప్పండి, ధర సంగతి నాకొదిలెయ్యండి అన్నాడు. ఆ చివరి మాటే ఫణి కొంప ముంచింది. ఇక అతను చదవని కాగితం లేదు. ప్రీమియం బండి పెద్దది, దాని ఇంజనుకు బలమెక్కువ, వెనక తిరిగే రబ్బరు పట్టా పొడుగు, దాని పళ్లూ పొడుగే, ఎంత మెత్తటి మంచులోనైనా కొండెక్కేస్తుంది. మామూలు బండి సాదాసీదాగా ఉంటుంది, చెడిపోతే ఇక్కడే విప్పుకోవచ్చు. సన్న్యాసుల ఆశ్రమానికి అంత దర్జా ఏమిటని ఒకసారి అనుకునేవాడు. రోగులకే కదా, అందులో పిసినారితనం ఏమిటని మరోసారి. తేల్చుకోలేక తేల్చుకోలేక, స్ట్రెచరు ఈడ్చినప్పటికంటే ఎక్కువ అలిసిపోయాడు. చివరికి కంపెనీ మనిషి కుల్దీప్ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రెండు బండ్లూ తెచ్చి, నడిపి చూసుకోండని ముంగిట్లో నిలబెట్టాడు. పొద్దున ఫణి రెండూ నడిపి చూశాడు. అయినా తేలలేదు.

స్వామి జవాబు చెప్పేలోపే పై ఊరి నుంచి నోర్బు అనే అతను రొప్పుతూ వచ్చాడు. వాళ్ల అమ్మ పాల్మో ఇంటి కప్పు మీద మంచు తోస్తూ జారిపడింది. తొడ ఎముక విరిగింది.

ఫణికి ముందు కోపమే వచ్చింది. ఆ వయసులో కప్పెక్కమని ఎవడన్నాడు?

"కుదుపు తగలకూడదు," అన్నాడు స్వామి. "విరిగిన ఎముక కొస కదిలి రక్తనాళాన్ని కోసిందంటే కాలు తీసెయ్యాలి. రెండు బండ్లూ తీసుకెళ్లండి. పెద్దదానికి స్ట్రెచరు కట్టించు. పైకి వెళ్లేటప్పుడు అందులో నువ్వు పడుకో."

"నేనా స్వామీ?"

"రోగిని కట్టినట్టే కట్టించుకో."

కుల్దీప్‌కి ఇది విచిత్రంగా ఉంది గానీ, కొనేవాడి ముచ్చట కాదనడం అతని వ్యాపారంలో లేదు. ఫణిని పడుకోబెట్టి, చేతులు దుప్పటి లోపల ఉంచి పట్టాలు బిగించాడు. ఇన్నేళ్లుగా ఎంతమందికో ఆ పట్టాలు బిగించిన ఫణికి, అవి బిగిస్తే ముక్కు గోక్కోవడానికి కూడా వీలుండదని అప్పుడే తెలిసింది.

నోర్బుని ఎక్కించుకుని కుల్దీప్ తమ్ముడు మామూలు బండి మీద ముందు వెళ్లాడు, వెనకే పెద్ద బండి కదిలింది. కంపెనీవాళ్ల మాటలో అబద్ధం లేదు, అది కొండను అవలీలగా ఎక్కింది. ఆ పొడుగు పళ్లు తవ్విన మంచంతా వచ్చి ఫణి ముఖాన పడింది. తుడుచుకుందామంటే చెయ్యి లేదు. కళ్లు మూసుకున్నాడు. గుంత వచ్చిన ప్రతిసారీ వెన్నులో కొట్టింది. ఎప్పుడు వస్తుందో కనబడదు కాబట్టి రాని గుంతలకు కూడా బిగదీసుకున్నాడు. "మెల్లిగా!" అని అరిచాడు. ఇంజను మోతలో ఆ అరుపు అతనికే వినబడలేదు. ముందు కూచున్న కుల్దీప్ హాయిగా కొండలు చూసుకుంటూ పోతున్నాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తే బాగుండునని ఫణికి ఏడుపొచ్చింది. పదిమంది ముందు చెప్పుకోదగ్గ సంగతి కాదు గానీ, పై ఊరు చేరేసరికి అతను లోపల్లోపల కుల్దీప్‌ని పచ్చిబూతులు తిడుతున్నాడు.

కట్లు విప్పగానే అతను చేసిన పని, స్ట్రెచరు తెచ్చి మామూలు బండికి తగిలించడం. దాని పళ్లు పొట్టివి, మంచు అంతగా చిమ్మదు. పాల్మో ఇంటి ముందు పేరుకున్న మంచును చేతులతోనే తోసి దారి చేశాడు. ఉన్ని చేతితొడుగులు తడిసి ముద్దయ్యాయి. ముసలమ్మ కాలికి బద్దలు వేసి కట్టాడు, ముఖానికి శాలువా కప్పాడు, ఒక చెయ్యి బయటికి ఉంచాడు.

"అమ్మా, నేనే నడుపుతాను. నొప్పెడితే చెయ్యెత్తు. నేను చూస్తూనే ఉంటాను," అన్నాడు. ఆవిడ ఆ చేత్తోనే అతని బుగ్గ నిమిరింది.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. మనిషి నడకకంటే నెమ్మదిగా పోనిచ్చాడు. కాసేపటికొకసారి ఆపి, దిగి, వెనక్కి వెళ్లి శాలువా సర్దాడు. తనకు బుద్ధి వచ్చినందుకు తనే సంతోషించాడు. స్వామి ఎందుకు పడుకోమన్నాడో అర్థమైందనీ, కిందికి వెళ్లగానే మామూలు బండే చాలని చెప్పెయ్యాలనీ అనుకున్నాడు.

అయితే నెమ్మదిగా పోతే దారి ఎంతకీ తరగదు. గాలి మొదలైంది. తడిసిన తొడుగులు గడ్డకట్టాయి. పిడి పట్టుకున్న వేళ్లు మొదట మండాయి, తర్వాత సూదులతో పొడిచినట్టయ్యాయి, ఆ తర్వాత అవి తనవి కాకుండా పోయాయి. ముందు పెద్ద బండి మీద తమ్ముణ్ణి ఎక్కించుకుని కుల్దీప్ తొడుగులు కూడా లేకుండా పోతున్నాడు. ఆ బండి పిడుల్లో వేడి పుట్టే ఏర్పాటుంది. కాగితాల్లో అది చదివినప్పుడు, ఇదొక సోకు అని ఫణి నవ్వుకున్నాడు.

వెనక్కి తిరిగి చూడడం తగ్గింది. ఆపడం తగ్గింది. ఆఖరి వంపులో ఆశ్రమం కప్పు, వంటింటి పొగ కనబడ్డాయి. బొటనవేలు వేగం పెంచే మీటను నొక్కింది. వేలు మొద్దుబారి తెలియలేదని తర్వాత ఎవరికైనా చెప్పుకోవచ్చు. కానీ నొక్కింది అతనే. పొయ్యి దగ్గరికి వెళ్లిపోవాలనిపించి నొక్కాడు. బండి ఎగిరి పడింది, దాని వెనక స్ట్రెచరు ఎగిరి పడింది. వెనక ఒక చెయ్యి పైకి లేచి అలాగే నిలిచి ఉందని, ముంగిట్లో ఆపి తిరిగి చూసినప్పుడు గానీ అతనికి తెలియలేదు.

లోపల స్వామి ముసలమ్మ పాదం మీద వేళ్లు పెట్టి చాలాసేపు చూశాడు. "నాడి ఆడుతోంది. కాలు దక్కింది," అన్నాడు. ఆవిడ కింది పెదవి మీద పళ్లు దిగి రక్తం వచ్చింది. దాన్ని దూదితో తుడుస్తూ, "ఇది ఎక్కడ?" అని అడిగాడు.

"ఆఖరి వంపులో, స్వామీ. చేతులు చల్లబడి..." అని ఆగిపోయాడు ఫణి. "కాదు. తొందరపడ్డాను. ఇందాకే అందులో పడుకుని లేచినవాణ్ణి, అదే దారిలో మరిచిపోయాను. బండ్ల గొడవ నాకొద్దు స్వామీ. ఏ బండి కొన్నా నడిపేది నేనే కదా. నేను వెళ్లిపోతాను."

స్వామి గోరువెచ్చటి నీళ్ల గిన్నె దగ్గరికి లాక్కుని, ఫణి తొడుగులు ఊడదీసి, అతని చేతులు రెండూ అందులో ముంచి, పైకి రాకుండా తన చేతులతో పట్టుకున్నాడు. వేళ్లలోకి ప్రాణం తిరిగి వస్తుంటే భరించలేనంత మంట. ఫణి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మంచం మీది ముసలమ్మ అయ్యో పాపం అన్నట్టు చూసింది.

కుల్దీప్ గుమ్మంలో నిలబడి, ఏ బండి ఉంచమంటారని అడిగాడు.

"పిడులు వేడెక్కేది ఉంచు నాయనా," అన్నాడు స్వామి. "దానికి పొట్టిపళ్ల పట్టా వేయించు."

ఫణి తలెత్తి చూశాడు. స్వామి అతని చేతులు నీళ్లలోంచి తీసి తుడుస్తున్నాడు.

"చేతులు గడ్డకట్టినా జాలి నిలవడానికి మనమేమీ అంత మంచివాళ్లం కాదులే, ఫణీ."