నూకరాజు కనుబొమ

శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే వీరభద్రాచారి మాస్టారు జవాబు చెప్పేవారు కారు. చేతిలో ఉన్న మసిగుడ్డ అందించేవారు. వెళ్లి, అచ్చులకు సిరా పరుచుకునే సిరా పలక తుడిచి రమ్మని దానర్థం. తుడుస్తూ ఉంటే ప్రశ్న దానంతటదే ఆరిపోతుందని ఆయన నమ్మకం కాబోలు. నా ప్రశ్నలు మాత్రం ఎన్నడూ ఆరలేదు, చేతులే నల్లబడ్డాయి. కాకినాడ జగన్నాథపురంలో, ఒకప్పుడు బియ్యం బస్తాలు వేసుకున్న గోదాములో ఆయన బొమ్మలు నేర్పేవారు. అక్కడ చేరినవాళ్లలో అందరికంటే ఎక్కువసార్లు ఆ గుడ్డ అందుకున్నవాణ్ని నేనే.

లోవకుమారి అడిగిన రోజున మాత్రం ఆయన గుడ్డ ఇవ్వలేదు.

"మాస్టారూ, మనిషి ముఖం దేంట్లో నిలుస్తుందండీ? రంగుల్లోనా, కొలాజ్‌లోనా, అచ్చులోనా?" అని అడిగింది ఆ అమ్మాయి.

లోవ తండ్రి నూకరాజు ఆటో నడిపేవాడు. అంతకు ముందు ఏడాది గుండెపోటుతో పోయాడు. సంవత్సరీకం దగ్గరపడుతోంది. ఆ రోజు పీట మీద తను వేసిన నాన్న బొమ్మే ఉండాలని లోవ తల్లికి మాటిచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫొటో. లైసెన్సు కోసం తీయించుకున్నదాన్ని స్టూడియోవాళ్లు పెద్దది చేసి, నూకరాజు జన్మలో వేసుకోని కోటొకటి తొడిగి, వెనకాల నీలం తెర దించారు. అతని ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన పాత గాటును మాత్రం ఎందుకో వదిలేశారు. లోవ ఆ ఫొటో పెట్టుకుని నూనె రంగుల్లో వేసింది. పోలిక కుదిరింది, చూసినవాళ్లం మెచ్చుకున్నాం, తను మాత్రం దాన్ని గోడవైపు తిప్పి పెట్టేసింది. నీటి రంగుల్లో వేసి, అదీ పక్కన పడేసింది. తరవాత, తల్లి పెట్టెలో దాచుకున్న ఖాకీ చొక్కా బతిమాలి తెచ్చి, ముక్కలుగా కత్తిరించి, పెట్రోలు బంకు రసీదులతో కలిపి అట్ట మీద కొలాజ్‌గా అతికించింది. చొక్కా పోయింది గానీ నాన్న రాలేదు.

"ఫొటో చూసి వేసినకొద్దీ నాన్న పోతున్నాడండీ. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ కోటాయనే వస్తున్నాడు. అసలు మొహం మర్చిపోతున్నాను మాస్టారూ," అంది.

గోదాములో అందరి చేతులూ ఆగిపోయాయి. తండ్రి చనిపోయినప్పుడు కూడా ఆ పిల్ల మా ఎదుట ఏడవలేదు, ఇప్పుడూ ఏడవలేదు. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది. మాస్టారు లేచి వెళ్లి, లైనో చుట్ట నుంచి ఒక ముక్క కోసి తెచ్చారు. "దీని మీద చెక్కమ్మా," అన్నారు. ఎలా చెక్కాలో చెప్పలేదు, ఫొటో చూడమని గాని వద్దని గాని చెప్పలేదు.

లైనో అంటే మెత్తగా రబ్బరులా ఉండే పలక. ఉలితో తీసేసిన చోట తెల్లగా, వదిలేసిన చోట నల్లగా అచ్చు పడుతుంది. పలక మీద ఉన్నది కాగితం మీద ఎప్పుడూ తిరగబడే పడుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అందుకని బొమ్మను ముందే తిప్పి గీసుకోవాలి. మా గోదాములో అడుగుపెట్టినవాడికి మొదట చెప్పే సంగతి ఇదే. లోవకూ తెలుసు. కానీ ఆమె అంతవరకు చెక్కినవి చేపలూ, ఆకులూ. చేప ఎటు ఈదితే ఎవరికేం?

మర్నాడు లోవ కిటికీ దగ్గర బల్ల మీద పలక పెట్టుకుని, దాని మీద కార్బన్ కాగితం, ఆ పైన ఫొటో వేసి, ముఖం, కోటు మెడ గీతలు ఉన్నవి ఉన్నట్టే దించుకుంది. తిప్పలేదు. తరవాత ఫొటోను బల్ల మీద బోర్లా పెట్టేసి ఉలి అందుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. "లోవా, నువ్వు..." అని నోరు తెరిచేసరికి మాస్టారు నా పక్కకు వచ్చి మసిగుడ్డ చేతిలో పెట్టారు. సిరా పలక అద్దంలా మెరుస్తోంది, తుడవడానికేమీ లేదు. అయినా వెళ్లి తుడిచాను. తండ్రి ముఖం కోసం అల్లాడుతున్న పిల్ల చేత కళ్లెదుటే తప్పు చేయించడం ఏం గురుత్వమో నాకర్థం కాలేదు.

చెక్కడం ముగిసిన సాయంత్రం వాళ్లమ్మ నాగమణి గారు కూడా వచ్చింది, బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని. లోవ పలకకు సిరా పట్టించి, కాగితం పరిచి, గరిటె వెనక్కి తిప్పి నెమ్మదిగా రుద్దింది. అంచు పట్టుకుని కాగితం పైకి లేపింది. నల్లగా, ముతకగా, బతికున్న మనిషి ముఖంలా పడింది. నాగమణి గారు దగ్గరికి వచ్చి చూసి, కాస్త తడబడింది.

"బాగుందే. కానీ ఆ గాటు అటు పడిందేంటే? ఇటు కదా ఉండాలి మీ నాన్నకి."

లోవ పలక వైపు చూసింది, కాగితం వైపు చూసింది. "తిప్పుకోలేదు," అంది గొణుగుతున్నట్టు. "తిప్పి గీసుకోలేదమ్మా నేను." కాగితాన్ని నలిపేయబోయి, కింది అంచును పిడికిట్లోకి తీసుకుంది. కోటు మెడ, గడ్డం, నోరు ఆమె అరచేతి కింద పడిపోయాయి. పైన నుదురు, కళ్లు, తెగిన కనుబొమ మాత్రం మిగిలాయి.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక్కి జరిగి, పొట్టి పీట మీద కూర్చుంది. కాగితాన్ని తన తలకు కాస్త పైన, ఎదురుగా పట్టుకుని, బడిపిల్ల చూసినట్టు తలెత్తి చూసింది.

"నాన్నా," అంది.

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. నూకరాజు తెల్లారకముందే కూరగాయల కిరాయికి వెళ్లిపోయేవాడు, రాత్రి ఆమె పడుకున్నాక ఇంటికి చేరేవాడు. మధ్యలో వచ్చి ఆమెను బడి దగ్గర దింపేవాడు. తండ్రిని ఆమె తీరిగ్గా చూసింది ఆ దారిలోనే, వెనక సీట్లో కూర్చుని, ఆటోలో అతని నెత్తి మీదున్న చిన్న అద్దంలో. అందులో నుదురు, కళ్లు, సగం ముక్కు, అంతే పట్టేవి, అవీ ఈ అచ్చులోలాగే కుడి ఎడమై. ఆమె దిగులుగా ఉంటే అతను ఆ అద్దంలోంచే, ఏంటన్నట్టు, తెగిన కనుబొమ ఎగరేసేవాడు. ఆమె ఏం లేదన్నట్టు తల ఊపేది.

"ఇటేనమ్మా గాటు," అంది లోవ. "నాకు ఇటే ఉండేది."

"ఎప్పుడూ చెప్పలేదేంటే ఇది నాకు?"

"చెప్పడానికేముందమ్మా. మేం మాట్లాడుకుంటేగా."

నాగమణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ దెబ్బకి పసుపద్దింది నేనే. పెళ్లైన కొత్తలో," అంది, కాగితం మీద రెండో కనుబొమ వైపు వేలు చూపించి. "నాకు మాత్రం ఇటే కావాలే తల్లీ."

"నీకు ఇంకోటి తిప్పి చెక్కుతానమ్మా," అంది లోవ.

చెక్కింది కూడా. తన పలకతో మరో అచ్చు తీసుకుని, ఆరాక, కొలాజ్ కత్తెరతో అద్దం మేరకు కత్తిరించింది. ఆటో అద్దం అంచుల్లో పూత ఊడి పచ్చగా మారిందని గుర్తొచ్చి, అక్కడ పల్చగా నీటి రంగు తగిలించింది. మిగిలిన ఖాకీ గుడ్డ మీద దాన్ని అతికించింది. సంవత్సరీకం నాడు నేనూ మాస్టారూ వెళ్లాం. పీట మీద తల్లి నూకరాజు, కూతురి నూకరాజు పక్కపక్కన ఉన్నారు. కోటు ఫొటో ఎక్కడా కనిపించలేదు. భోజనాలయ్యాక లోవ చేతులు కడుక్కుని లోపలికి వస్తూ, పీట ముందు ఒక్క క్షణం ఆగి, ఏం లేదన్నట్టు తల ఊపడం చూశాను. నేను మొహం తిప్పుకోవాల్సి వచ్చింది.

తిరిగి వస్తున్నప్పుడు వంతెన మీద ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజు నన్నెందుకు చెప్పనివ్వలేదు మాస్టారూ?"

చేతిలో మసిగుడ్డ లేదు కనుక ఆయనకు జవాబు చెప్పక తప్పలేదు. "ఫొటో బోర్లా పెట్టిందయ్యా ఆ పిల్ల. నువ్వు నోరు తెరిస్తే మళ్లీ తిరగేసేది."

"అయితే ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

మాస్టారు నడక ఆపి, నా వైపు కొంచెం జాలిగా చూశారు.

"నాకెలా తెలుస్తుందయ్యా? నేనెప్పుడూ ఆ ఆటో ఎక్కలేదు."