గాజుల మొగులవ్వ ఇంకా రాలేదు

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే కథ నడుస్తుంది. కొడుతున్నారా? అయితే వినండి. మీ ముత్తాతల ముత్తాతలు పుట్టకముందు, గుట్టల నడుమ ఒక ఊళ్ళో మొగులవ్వ అని ఒకామె ఉండేది. భుజాన గాజుల మలారం వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఆ ఊరికొక ఆనవాయితీ. కొత్త గాజులు తొడిగించుకోనిదే ఆడపిల్ల పొలిమేర దాటదు. పెళ్ళికైనా అంతే, పనికైనా అంతే.

ఒక కరువేడు తెల్ల తలపాగావాడొకడు వచ్చాడు. మాట తేనె, మనసు వేరు. గుట్టల అవతల పెద్దసంత ఊళ్ళో తనకు మేడ ఉందన్నాడు. పనికి పిల్లనిస్తే మూడు పూటలా తిండి పెడతానన్నాడు. మొగులవ్వ మురిసిపోయి కొమురమ్మ అనే పిల్ల చేతులకు గాజులు తొడిగింది. పిల్ల పోయింది. కబురు లేదు. మరుసటేడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎల్లి అనే పిల్లకు తొడిగింది. ఆ పిల్లా పోయింది. కబురు లేదు. దూరాభారం కదా, అని ఊరు సర్దిచెప్పుకుంది.

మొగులవ్వకు మాత్రం ముద్ద దిగలేదు. కూర్చుంటే లేచేది. లేస్తే వీధి చివరిదాకా పోయి వచ్చేది. సాగనంపింది నా చేతులే కదా, అని కుమిలిపోయేది.

మూడో ఏడు వాడు రాజమ్మ కూతురు బాలిని అడిగాడు. బాలికి పన్నెండేళ్ళు. రాజమ్మ మొగులవ్వను పిలిపించింది. మొగులవ్వ బాలి చెయ్యి పట్టుకుంది. గాజు తీసింది. మళ్ళీ మలారంలో పెట్టేసింది.

"నేను పొయ్యి ఆ మేడ చూసొచ్చేదాంక ఈ చేతికి గాజులు ఎయ్య" అంది.

గాజులమ్మేదానికి ఊరి పెత్తనమా, అని వాడు నవ్వాడు. పిల్లకు ఇంత తిండి దొరికే చోటు చెడగొట్టకని రాజమ్మ బతిమాలింది. బాలి మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంది. "అవ్వ వచ్చినంకనే పోత" అంది.

మొగులవ్వ మూడు రోజులు నడిచింది. ముగ్గుర్ని అడిగింది. ఊరుంది, సంత ఉంది, మేడ లేదు. సంత వెనక తాళం వేసిన కొట్టంలోంచి ఏడుపు వినిపించింది. ఆ గొంతు కొమురమ్మది. మొగులవ్వ సంత నడుమ నిలబడి మొత్తుకుంది. నలుగురూ పోగై తాళం పగలగొట్టారు. కొమురమ్మ చేతులకు గాజుల్లేవు, చాకిరీకి కాయలు కాచి ఉన్నాయి. ఎల్లిని ఇంకెక్కడికో అమ్మేశారట.

కొమురమ్మను వెంటబెట్టుకుని మొగులవ్వ ఊరు చేరేసరికి, వాడు సంతగాజులు తెచ్చి బాలి చేతికి ఎక్కిస్తున్నాడు. ఎక్కడం లేదు. పిల్ల పిడికిలి బిగించింది. కొమురమ్మను చూడగానే వాడు పరుగు తీశాడు. ఊరంతా వెంటపడి పట్టుకుని కొలువుకు అప్పజెప్పింది.

కొమురమ్మ తల్లి బిడ్డను కౌగిలించుకుని ఏడ్చింది. ఎల్లి తల్లి గుమ్మంలో నిలబడి బాటవైపే చూస్తోంది. మొగులవ్వకు ఆ చూపు గుండెల్లో దిగింది. చెంబెడు నీళ్ళు తాగి లేచింది. రెండు రోజులు ఆగి పొమ్మంది రాజమ్మ.

"కూసుంటె నాకు ఊపిరాడదు" అంది మొగులవ్వ.

వెళ్ళింది. ఏడాదికి, ఏదో దూరపు దారిలో కన్నుమూసిందని బాటసారులు చెప్పారు. ఎల్లి దొరకలేదు.

ఇప్పటికీ ఆ గుట్టల కింది ఊళ్ళలో, పనిస్తామని ఎవరొచ్చి పిల్లనడిగినా, ముందు ఊరినుంచి ఇద్దరు పోయి ఆ ఇల్లు కళ్ళారా చూసొస్తారు. వచ్చినవాడు తొందరపెడితే ముసలమ్మలు వాకిట్లో అడ్డంగా కూర్చుంటారు.

"ఆగు బిడ్డా, మా మొగులవ్వ ఇంకా రాలే" అంటారు.