చెంబులో మిగిలిన నీళ్ళు

దస్తగిరి సాయిబు నన్ను ఎదగనీడని నాకు గట్టి అనుమానం ఉండేది. ఆయన దగ్గర బోరుబండి పని నేర్చుకోబట్టి అప్పటికి ఆరేండ్లు. ఆయనకు అంకెలు రావు, నాకు వచ్చు. అయినా బోరులో నీళ్ళెన్నో చెప్పే మాట ఒక్కనాడూ నాకు వదల్లేదు.

ఆ పొద్దు కదిరి పక్క సిద్దప్ప చేనులో బోరు వేస్తున్నాము. నీళ్ళు చాలక ఆయన చీనీతోట, అదే బత్తాయితోట, ఒకటి అప్పటికే నిలువునా ఎండిపోయింది. ఈ బోరు నాలుగించులు పోస్తే ఆరునూర్ల మొక్కలు పెడతాడు. మూడే పోస్తే అందులో సగమే బతుకుతాయి.

బండి బోరులోకి గాలి కొడుతుంటే నీళ్ళు తెల్లగా ఎగిరిపడినాయి. కాలవకు అడ్డంగా, ఇంగ్లీషు వి అక్షరం మాదిరి కోసిన రేకు పెట్టి, ఆ కోతలో నీళ్ళెంత ఎత్తున పోతాయో స్కేలుతో చూడడం మా పద్ధతి. రేకుకు ముందర గుంత తవ్వి, నీళ్ళను అందులో నిలబెట్టి పంపమని సాయిబు ఎప్పుడూ చెప్పేవాడు. నాచేత మట్టి మోయించడానికే అట్లంటాడని ఆ పొద్దు నేను తవ్వలేదు.

స్కేలు పెట్టినాను. నాలుగించులు. సాయిబు రాకముందే సిద్దప్పకు చెప్పేసినాను. ఆయన మొక్కలు తెమ్మని మనిషిని పురమాయించినాడు.

సాయిబు వచ్చి నీళ్ళ తట్టు చూసినాడు, నా తట్టు చూసినాడు. రేకు దగ్గర చెంబు ముంచి, అంచుదాకా నింపి నా చేతిలో పెట్టినాడు.

"దించొద్దు," అన్నాడు.

కూలోళ్ళు నవ్వినారు. అందరి ముందర నిలబెట్టినాడని ఒళ్ళు మండింది. ఆ మంట ఈ వయసుకు కూడా ఆరలేదు.

"నేను చదివింది తప్పంటావా సాయిబూ? నీకు అంకెలొస్తే వచ్చి స్కేలు చూడు," అన్నాను.

ఆయన బీడీ ముట్టించుకున్నాడు. చెంబులో గాలి పోయి నురగ చిటచిటమంటూ దిగుతా వచ్చింది. పాల మాదిరున్న నీళ్ళు అడుగునుంచి తేటబడినాయి. బీడీ అయిపోయేసరికి చెంబు సగానికి వచ్చింది. నేను ఒక్క చుక్క ఒలకబోయలేదు.

సాయిబు లోపలికి తొంగి చూసినాడు.

"మిగిలింది చెట్లు తాగుతాయి అబ్బీ. పోయినదాన్ని నువ్వు చదివినావు."

సిద్దప్ప మనిషి అప్పటికే సైకిలెక్కుతున్నాడు. చెంబు పట్టుకునే పరిగెత్తి వాణ్ణి ఆపినాను.

తిరిగొచ్చి పార అందుకున్నాను.