జాడీ మీద తిథి

“గురువుగారూ, నెల అమావాస్యతో ముగుస్తుందా, పౌర్ణమితోనా? మా ఇద్దరిలో ఎవరి లెక్క నిజం?” అని కూర్మనాథం అడిగాడు.

మందస దగ్గర నరహరి శాస్త్రులుగారి వైద్యశాలలో ఆ తగువు పాతదే. కూర్మనాథం తెలుగువాడు, అతని నెల అమావాస్యకు ముగుస్తుంది. తోటి శిష్యుడు పాణిగ్రాహి ఒరియావాడు, అతని నెల పౌర్ణమికే సరి. అందుకని పౌర్ణమి దాటిన పక్షానికి ఇద్దరూ చెరో నెల పేరు పెట్టేవారు. ఆశ్వయుజ పౌర్ణమి దాటితే కూర్మనాథానికి అది ఇంకా ఆశ్వయుజమే, పాణిగ్రాహికి అప్పుడే కార్తీకం. మూలికల కషాయాన్ని పులియబెట్టే అరిష్టం జాడీకి ఎవరు మూత వేస్తే వారు తమ లెక్కన దాని మీద సున్నంతో తిథి రాసేవారు. ఇద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. శాస్త్రులుగారు పంచాంగం గుణించడంలో దిట్ట, ఆ చుట్టుపక్కల ఆయన మాటకు తిరుగులేదు. అయినా ఆ పూట నవ్వి ఊరుకున్నారు.

మార్గశిరం వచ్చిన కొత్తలో ఒక ఉదయం, గురువుగారు పాణిగ్రాహిని వెంటబెట్టుకుని మూలికల కోసం అడవికి వెళ్లారు. అప్పుడే కొండ కింది పల్లె నుంచి ఒక ముసలమ్మ వచ్చింది.

“మా కోడలు బాలింత బాబూ. మంచమ్మీంచి లెగనేకపోతంది. గుంటడికి పాలు నేవు” అంది.

కూర్మనాథం బాలింతలకిచ్చే దశమూలారిష్టం జాడీ చూశాడు. దాని మీద ‘కార్తీక బహుళ విదియ’ అని ఉంది. మూత వేసి నెల నిండితే గాని అరిష్టం పనికిరాదు, అతని లెక్కన దానికి పక్షం రోజులు దాటిందంతే. ఆ మూత ఎవరు వేశారో చూడాలన్న ఆలోచనే అతనికి తట్టలేదు. “ఇంకా తయారవలేదమ్మా, పౌర్ణమి దాటాక రా” అన్నాడు. ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గురువుగారితో తిరిగొచ్చిన పాణిగ్రాహి జరిగింది విని తల పట్టుకున్నాడు. ఆ జాడీ అతనిది. అతని కార్తీక బహుళమంటే మన ఆశ్వయుజ బహుళమే. మందు ఎప్పుడో తయారై కూర్చుంది! శాస్త్రులుగారు కాళ్లు కూడా కడుక్కోకుండా, మందు సీసాలో పోసుకుని, ఆ వయసులో ఆ ఎండలో కొండదారి పట్టారు.

బాలింత లేచి కూర్చునేదాకా అక్కడే ఉండి, కొన్నాళ్లకు తిరిగొచ్చారు. వస్తూనే జాడీలన్నిటి మీదా తిథులు తడిగుడ్డతో తుడిచేసి, ఇంగ్లీషు తేదీలు రాశారు. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు, చివర మూత వేసిన వేళ. ఇకమీదట ఎవరైనా ఇలాగే రాయాలన్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పంచాంగమే ప్రాణంగా బతికిన మనిషి ఆయన. తన లెక్కను తన చేత్తోనే తుడిచేశారంటే, ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

కూర్మనాథం మాత్రం మనసు ఒప్పక, “అయితే మన లెక్క తప్పా, గురువుగారూ?” అన్నాడు.

“తప్పని ఎవరన్నారు నాయనా? మీ నెలలు రెండూ నిజమే” అన్నారు శాస్త్రులుగారు, చేతికంటిన సున్నం కడుక్కుంటూ. “ఆ పసివాడికి తల్లి మాత్రం ఒక్కతే.”